కంటి చుట్టూ నీలి పుట్టుమచ్చ: మూడేళ్ళ పాపకు లేజర్ ఎప్పుడు చేయించాలి?

పాపాయి_అమ్మ (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఉద్యోగాల వల్ల ఆరేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాము. మా పాపకు ఈ మధ్యనే మూడేళ్ళు నిండాయి. పుట్టుకతోనే దానికి కుడి కణత నుంచి కంటి కింది భాగం మీదుగా చెంప వరకు బూడిద కలిసిన నీలం రంగులో ఒక మచ్చ ఉంది. అదే వైపు కంటి తెల్లగుడ్డులో కూడా సిరా చుక్క ఇంకినట్టు ఒక మరక కనిపిస్తుంది. నెలల పిల్లగా ఉన్నప్పుడు టీకా వేయించడానికి తీసుకెళితే, అక్కడి నర్సు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో ఎవరైనా పిల్లను కొట్టారా అని అడిగింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

మా అత్తగారు మంచి మనిషే. కానీ నేను కడుపుతో ఉండగా గ్రహణం పూట కత్తిపీట ముట్టుకున్నానని, అందుకే ఈ మచ్చ వచ్చిందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. మేము చూపించిన స్కిన్ డాక్టర్ దీన్ని నీవస్ ఆఫ్ ఓటా అంటారని, లేజర్‌తో బాగా తగ్గే మచ్చల్లో ఇది ఒకటని, అయితే చాలా ఓపిక కావాలని చెప్పారు. మరో క్లినిక్‌లో మాత్రం మూడు సిట్టింగుల్లో పూర్తిగా పోతుందని, ఈ నెలాఖరులోగా డబ్బు కడితే తగ్గింపు ఇస్తామని అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. ఈ వయసులో చేయించవచ్చా? కంటికి ఏమైనా ప్రమాదమా? చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

కోలారు_పెద్దాయన

అమ్మా, మీరు కంగారు పడకండి. మా రెండో అమ్మాయికి పుట్టినప్పుడు నడుము కింద అరచేయంత నీలి మచ్చ ఉండేది. ఏ వైద్యమూ చేయించలేదు. బడిలో వేసే నాటికి దానంతటదే మాయమైపోయింది. పసిపిల్ల ముఖం మీద లేజర్ పెట్టించే ముందు ఇంకొన్నాళ్ళు ఆగి చూడటం మంచిదని నా ఉద్దేశం.

చర్మవైద్యురాలు (జయనగర్, బెంగళూరు)

పాపాయి అమ్మగారూ, పాపను చూడకుండా ఆమెకు ప్రత్యేకంగా వైద్యం చెప్పడం నాకు తగదు కాబట్టి, ఈ మచ్చ గురించి నా దగ్గరకు వచ్చే ఏ తల్లిదండ్రులకైనా చెప్పే సంగతులే ఇక్కడ రాస్తాను.

ముందుగా గ్రహణం విషయం. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాలు, పిండం రూపు దిద్దుకునే తొలి వారాల్లో, వెన్నుపాము ఏర్పడే చోటి అంచున పుట్టి, అక్కడి నుంచి మెల్లగా కదులుతూ చర్మం పైపొరకు చేరుకుంటాయి. వాటిలో కొన్ని పైపొర దాకా రాకుండా కింది పొరలోనే ఆగిపోతే ఇలాంటి మచ్చ ఏర్పడుతుంది. మెలనిన్ రంగు నిజానికి నలుపుతో కూడిన గోధుమ రంగే. లోతున ఉండటం వల్ల, పైనున్న చర్మంలో వెలుగు చెదిరి అది మనకు నీలంగా కనిపిస్తుంది. మీరు కత్తిపీట ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా ఆ కణాలు ఆగిన చోటే ఆగేవి. ఇందులో మీ తప్పు ఆవగింజంత కూడా లేదు. ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి.

కోలారు పెద్దాయన గారు చెప్పినది వేరే మచ్చ. నడుము మీద, పిరుదుల మీద పుట్టుకతో వచ్చే నీలి మచ్చలను మంగోలియన్ స్పాట్ అంటారు. మన పిల్లల్లో అవి చాలా సాధారణం, ఎక్కువ భాగం అయిదారేళ్ళకల్లా వాటంతటవే వెలిసిపోతాయి. కణాలు ఒకే జాతివి అయినా, ముఖం మీద వచ్చే నీవస్ ఆఫ్ ఓటా అలా పోదు. యుక్తవయసులో ఇంకొంచెం ముదరవచ్చు కూడా. జపాన్ చర్మవైద్యుడు మసావో ఓటా దీన్ని 1939లో వర్ణించారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇది ఆసియా వాసుల్లో, అందులోనూ ఆడవారిలో ఎక్కువ. నుదురు, కనురెప్పలు, కణత, చెంపలకు స్పర్శనిచ్చే నరం పరిధిలోనే, సాధారణంగా ఒక వైపునే ఉంటుంది. మీరు వర్ణించిన చోటు దానికి సరిపోతోంది.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని లేజర్ కాదు, కంటి పరీక్ష. తెల్లగుడ్డులో కూడా రంగు ఉన్నవారిలో సుమారు పది మందిలో ఒకరి వరకు కంటిలో ఒత్తిడి పెరిగి, గ్లకోమా అనే నీటికాసుల జబ్బు రావచ్చు. అరుదుగా కంటి లోపల క్యాన్సర్ కూడా రావచ్చు. అందుకని ఏడాదికి ఒకసారి కంటి వైద్యులకు చూపించడం జీవితాంతం మానకూడదు. చర్మం మీది మచ్చ లేజర్‌తో తగ్గినా ఈ పరీక్ష ఆపకూడదు. తెల్లగుడ్డులోని రంగును ఈ చర్మపు లేజర్ తీయదు, తీయబోవడమూ తగదు.

ఇక మూడు సిట్టింగుల హామీ. ఏ చర్మవైద్యులూ మచ్చను చూసిన మొదటి రోజే లెక్క కట్టి హామీ ఇవ్వలేరు. నేను చూసినంతలో చాలామందికి అయిదు నుంచి పది వరకు, ఒక్కొక్కరికి అంతకంటే ఎక్కువ పడతాయి. ఒక్కో సిట్టింగ్‌కూ మధ్య కనీసం రెండు మూడు నెలలు ఆగాలి. ఈ విరామం డాక్టర్ తీరిక కోసం కాదు. లేజర్ ఆ రంగు కణాలను పగలగొడుతుంది, ఆ ముక్కలను మోసుకుపోయి శుభ్రం చేయవలసింది మన ఒంట్లోని భక్షక కణాలే. ఆ పని నెలల తరబడి సాగుతుంది. అది పూర్తికాక ముందే మళ్ళీ కొడితే అదనంగా తగ్గేది తక్కువ, చర్మం దెబ్బతినే అవకాశం ఎక్కువ.

చెన్నపట్నం_అక్క (కోడంబాక్కం, చెన్నై)

పాపాయి అమ్మగారూ, నాకు ఎడమ చెంప మీద ఇదే మచ్చ. పదమూడో ఏట మొదలై, పదిహేనేళ్ళు వచ్చేసరికి కనురెప్ప దాకా పాకింది. ఇంటర్‌లో ఫొటోల రోజున ఎప్పుడూ కుడి వైపుకు నిలబడేదాన్ని. ముప్ఫై ఏళ్ళకు చెన్నైలో లేజర్ మొదలుపెట్టి, రెండేళ్ళలో ఎనిమిది సిట్టింగులు చేయించుకున్నాను. ఇప్పుడు దగ్గరగా వచ్చి వెతికితే తప్ప కనిపించదు.

ఒక సిట్టింగ్ ఎలా ఉంటుందో చెబుతాను, తెలిస్తే భయం తగ్గుతుంది. ముందు ముఖం శుభ్రంగా కడిగి, మత్తు క్రీము మందంగా రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి గంటసేపు కూర్చోబెట్టారు. తరువాత క్రీము తుడిచి, కంట్లో మత్తు చుక్కలు వేసి, లెన్స్ పెట్టినట్టు కనురెప్ప కింద ఒక చిన్న లోహపు కవచం పెట్టారు. అది చల్లగా, బరువుగా ఉంటుంది గానీ నొప్పి ఉండదు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. తరువాత టక్ టక్ మని చప్పుడు, ఒక్కో చప్పుడుకూ రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు ఒక చురుకు, వెంట్రుక కాలిన వాసన. కొట్టిన చోటల్లా ఒక్క క్షణం ముగ్గు చుక్కలా తెల్లబడింది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు. ఆ సాయంత్రం కన్ను వాచింది, మూడో రోజుకు తగ్గింది. వారం రోజుల్లో సన్నటి గోధుమ రంగు పొట్టు రాలిపోయింది.

మొదటి సిట్టింగ్‌కు ముందు రోజు పెట్టుకున్న కాటుక రెప్ప అంచున కొంచెం మిగిలిపోయింది. నర్సు భూతద్దంలో చూసి, దూదితో మళ్ళీ మళ్ళీ తుడిచే వరకు డాక్టర్ యంత్రం ముట్టుకోలేదు. కాటుక నలుపు కూడా లేజర్‌ను పీల్చుకుని అక్కడి చర్మాన్ని కాలుస్తుందని అప్పుడు తెలిసింది.

నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. మూడో సిట్టింగ్ అయిన మూడు వారాలకే, మొక్కు ఉందని, మే నెల ఎండలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి తిరుమల ఎక్కాను. సన్‌స్క్రీన్ చెమటకు కారిపోయింది. తిరిగి వచ్చేసరికి చెంప మునుపటి కంటే నల్లగా తయారైంది. అది మచ్చ తిరిగి రావడం కాదని, గాయపడిన చర్మం ఎండకు తెచ్చుకున్న నలుపని డాక్టర్ చెప్పారు. అది తగ్గేదాకా నాలుగు నెలలు తరువాతి సిట్టింగ్ ఆపేశారు.

మడివాళ_ఇంజినీరు (బెంగళూరు)

మచ్చ పేరు తెలుసుకోకుండా లేజర్‌కు వెళితే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. నాకు మెడ పక్కన పాలు ఎక్కువ కలిపిన కాఫీ రంగులో అరచేయి సగమంత మచ్చ ఉంది. పెళ్ళి చూపులకు ముందు, మా గదికి దగ్గరలోని ఒక సౌందర్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడ వైద్యులెవరూ చూడలేదు. అవాంఛిత రోమాలు తీసే యంత్రంతోనే మచ్చ మీద కొట్టారు. ఆ రాత్రికి మొక్కజొన్న గింజలంత బొబ్బలు లేచాయి. నెల తరువాత మచ్చ అలాగే ఉండి, దాని మధ్యలో అయిదు తెల్ల చుక్కలు మిగిలాయి. నాలుగేళ్ళయినా అవి పూర్తిగా పోలేదు.

తరువాత ఒక చర్మవైద్య నిపుణుడి దగ్గరకు వెళితే, ఆయన మెడను చూడటానికి ముందు చొక్కా విప్పించి ఒళ్ళంతా ఇలాంటి మచ్చలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. అప్పటిదాకా నా మచ్చను అంత శ్రద్ధగా చూసినవారు లేరు. నాకు రెండే ఉన్నాయి. తరువాత సరైన లేజర్‌తో నాలుగు సిట్టింగులు చేస్తే మచ్చ దాదాపు పోయింది, కానీ ఏడాదిన్నరకు సగం తిరిగి వచ్చింది. అలా జరగవచ్చని ఆయన మొదటి రోజే కాగితం మీద రాసి ఇచ్చారు కాబట్టి నాకు కోపం రాలేదు.

చర్మవైద్యురాలు (జయనగర్, బెంగళూరు)

ఇంజినీరు గారి పోస్టులో రెండు ముఖ్యమైన సంగతులు ఉన్నాయి.

మొదటిది లెక్కపెట్టడం. కాఫీ రంగు మచ్చలు ఒకటి రెండు ఉండటం సాధారణమే. యుక్తవయసుకు ముందు 5 మిల్లీమీటర్లు దాటినవి, ఆ తరువాత 15 మిల్లీమీటర్లు దాటినవి ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు వ్యాధి ఉందేమోనని పరీక్షించాలి. ఆ మచ్చలను చెరిపేయడం కంటే అవి చెబుతున్న మాట వినడం ముఖ్యం. పైగా కాఫీ రంగు మచ్చలు లేజర్‌కు లొంగే తీరు మనిషి మనిషికీ మారుతుంది. అంచులు రంపపు పళ్ళలా ఎగుడుదిగుడుగా ఉన్నవి, నున్నటి అంచులున్న వాటికంటే మెరుగ్గా తగ్గుతాయని పరిశోధనలో తేలింది. తగ్గినవి తిరిగి రావడమూ తరచుగా చూస్తాము.

రెండోది యంత్రం. వేడి పెనానికి వేలు తగిలి చటుక్కున వెనక్కి తీసుకుంటే ఒక చురుకుతో పోతుంది, పెనం మీదే వేలు ఉంచేస్తే కాలి బొబ్బ ఎక్కుతుంది. మెలనిన్ రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దానికి తగిలిన వేడి మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు, లోపలే చుట్టుపక్కలకు పాకుతుంది. కాబట్టి అంతకంటే తక్కువ కాలంలో, అంటే సెకనులో నూరు కోట్లవ వంతుల్లో కొలిచే నానోసెకన్ల మెరుపుతో కొడితే, రేణువు మాత్రమే పగిలి పక్కనున్న చర్మం క్షేమంగా ఉంటుంది. ఈ సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రతిపాదించారు. ఇలా నానోసెకన్ల మెరుపునిచ్చే క్యూ స్విచ్డ్ లేజర్లు చర్మానికి ఇంతగా పనికొచ్చింది దీనివల్లనే. రోమాలు తీసే యంత్రాల మెరుపు మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే సుమారు పది లక్షల రెట్లు ఎక్కువసేపు. వెంట్రుక కుదుళ్ళకు అది సరైనదే. రంగు మచ్చ మీద అది పెనం మీద వేలు ఉంచేయడమే.

లేజర్ రంగు, అంటే నానోమీటర్లలో కొలిచే దాని కాంతి తరంగదైర్ఘ్యం, కూడా చూసుకోవాలి. జపాన్ వైద్యులు 694 నానోమీటర్ల రూబీ లేజర్‌తో నీవస్ ఆఫ్ ఓటా ఉన్న 114 మందికి చేసిన చికిత్స ఫలితాలను 1994లో ప్రచురించాకే, ఈ మచ్చకు గాటు మిగల్చని వైద్యం ఉందని ప్రపంచానికి తెలిసింది. అంతకు ముందు చర్మం గీకేవారు, అతిచల్లదనంతో గడ్డకట్టించేవారు, వాటివల్ల గాటులు మిగిలేవి. మన చర్మపు పైపొరలో సహజంగానే మెలనిన్ ఎక్కువ. రూబీ కాంతిని అదే ముందుగా పీల్చుకుని తెల్ల చుక్కలు, నల్ల మరకలు రావచ్చు. అందుకని మనవారికి ఎక్కువగా 1064 నానోమీటర్ల ఎన్‌డి యాగ్ లేజర్ వాడతాము. అది పైపొరను పెద్దగా తాకకుండా లోతుకు దిగుతుంది. సెకనులో లక్ష కోట్లవ వంతుల్లో పనిచేసే పికో లేజర్లు ఇప్పుడు బెంగళూరులోనూ దొరుకుతున్నాయి. అవి మంచివే, కానీ యంత్రం కొత్తదా పాతదా అనే దానికంటే దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే ముఖ్యమని నేను అనుకుంటాను. చర్మవైద్యంలో పై చదువైన ఎం.డి. డి.వి.ఎల్. చదివి, మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన వైద్యులేనా అని అడగడానికి ఎవరూ మొహమాటపడకూడదు.

హెబ్బాళ_నాన్న (బెంగళూరు)

మా అబ్బాయికి వీపు మీద పుట్టుకతో జానెడు నల్లటి మచ్చ, దాని నిండా వెంట్రుకలు ఉన్నాయి. లేజర్ కోసం మేము ఎంతో ఆశపడ్డాము. ముగ్గురు వైద్యులూ వద్దనే చెప్పారు. లేజర్ పైరంగును తగ్గించినా లోతున మచ్చ కణాలు మిగిలిపోతాయని, అంత పెద్ద మచ్చలో క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత ఉంటుంది కాబట్టి, రంగు పోతే కింద జరిగే మార్పు కంటపడకుండా పోతుందని వివరించారు. ఇప్పుడు ఆరు నెలలకొకసారి స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి దాచుతున్నాము. విడతల వారీగా కోసి తీసే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తున్నాము.

ఇంకొక మాట. ఇన్సూరెన్స్ వారు ఇటువంటి చికిత్సను అందం కోసం చేసేదిగా లెక్కవేసి తోసిపుచ్చవచ్చు. మొదలుపెట్టక ముందే డాక్టర్ గారి దగ్గర వైద్య అవసరం ఏమిటో రాయించుకుని కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి.

పాపాయి_అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డాక్టర్ గారూ, మా పాప కదలకుండా పది నిమిషాలు కాదు కదా, పది క్షణాలు కూడా ఉండదు. కంటి దగ్గర చేయాలంటే పూర్తి మత్తు ఇవ్వాలని మా డాక్టర్ అన్నారు. అది తలుచుకుంటేనే గుండె దడగా ఉంది. బడిలో చేర్చే లోపు చేయించాలని మావారు, పెద్దయ్యాక చూద్దామని నేను.

చెన్నపట్నం_అక్క

నా మనసులో మాట చెబుతాను. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు వచ్చాక పాపనే అడగండి. మత్తు క్రీముతోనే ఓర్చుకోగల వయసు అది, తన ముఖం గురించి తనకూ ఒక అభిప్రాయం ఉంటుంది.

హెబ్బాళ_నాన్న

అక్కా, మీ మాటను గౌరవిస్తాను. కానీ ఒకటో తరగతిలో తోటి పిల్లలు పెట్టే పేర్లు ఎనిమిదో ఏడు దాకా ఆగవు. మావాడి మచ్చ చొక్కా కింద ఉంది కాబట్టి సరిపోయింది, ఈ పాపది ముఖం మీద.

చర్మవైద్యురాలు (జయనగర్, బెంగళూరు)

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వైద్యపరంగా చెప్పాలంటే, చిన్న వయసులో చర్మం పల్చగా ఉండి, తక్కువ సిట్టింగులతో ఫలితం వస్తుందని అనుభవం చెబుతోంది. దానికి ఎదురుగా పూర్తి మత్తు ఉంది. మూడేళ్ళ లోపు పిల్లలకు పదేపదే గానీ, ఎక్కువసేపు గానీ మత్తు ఇవ్వడం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరిక ఇచ్చింది. మీ పాపకు మూడేళ్ళు దాటాయి, ఒక్కో సిట్టింగ్‌కు మత్తు కొద్ది నిమిషాలే. అయినా పిల్లల మత్తు వైద్యులు ఉన్న పూర్తి స్థాయి ఆసుపత్రిలోనే చేయించాలి, గది అద్దెకు తీసుకున్న క్లినిక్‌లో ఎన్నటికీ కాదు.

నేనైతే ఇలా చేస్తాను. ముందు కంటి పరీక్ష. ఆ తరువాత కంటికి దూరంగా, కణత పైన గోరంత చోట, క్రీము రాసి పరీక్షగా కొట్టి ఎనిమిది వారాలు చూస్తాను. చర్మం తెల్లబడకుండా, నల్లబడకుండా బాగుంటే, బడికి ముందే రెండు మూడు సిట్టింగులు మత్తులో చేసి, రంగు పల్చబడ్డాక మిగిలినవి పాప ఓర్చుకునే వయసుకు వదిలేస్తాను. యుక్తవయసులో కొద్దిగా తిరిగి రావచ్చని ముందే చెబుతాను. ప్రతి సిట్టింగ్‌కు ముందు ఒకే కిటికీ వెలుగులో, ఒకే దూరం నుంచి ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

కోలారు_పెద్దాయన

నా తొందరపాటు సలహాకు మన్నించండి అమ్మా. డాక్టర్ గారూ, లేజర్ తరువాత పసుపు రాయవచ్చా? మా ఇళ్ళల్లో ఏ గాయానికైనా అదే మందు.

చర్మవైద్యురాలు (జయనగర్, బెంగళూరు)

వద్దండి. పొట్టు రాలిపోయే వరకు పసుపు, సున్నిపిండి, నలుగు ఏదీ వద్దు. ఇచ్చిన ఆయింట్‌మెంట్ మాత్రమే పల్చగా రాయాలి, పొట్టును గోకకూడదు. తరువాత నెలల తరబడి సన్‌స్క్రీన్, అంచు వెడల్పున్న టోపీ ఉండాలి. బెంగళూరు చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ ఏమీ చేయదని ఇక్కడివారు అనుకుంటారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిలో అతినీలలోహిత కిరణాలు తీరప్రాంతం కంటే బలంగానే ఉంటాయి.

పాపాయి_అమ్మ

మూడు నెలల తరువాత రాస్తున్నాను. కంటి ఆసుపత్రిలో రెండు కళ్ళూ చూశారు. ఒత్తిడి మామూలుగానే ఉంది, ఏటా రమ్మన్నారు. మూడు సిట్టింగుల క్లినిక్‌కు వెళ్ళలేదు. పెద్ద ఆసుపత్రిలోని చర్మ విభాగంలో కణత మీద పరీక్షగా చిన్న చోట చేశారు. మావారు పాపను ఒళ్ళో గట్టిగా పట్టుకున్నారు. అది ఏడ్చినంతసేపు నేను తలుపు బయట నిలబడ్డాను. తొమ్మిదో రోజుకు నువ్వు గింజంత పొట్టు రాలింది. ఎనిమిది వారాల తరువాత పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే, ఆ గోరంత చోటు మాత్రం వాన వెలిసిన మబ్బులా పల్చగా కనిపించింది. చర్మం ఎక్కడా తెల్లబడలేదు. మొదటి సిట్టింగ్ దసరా సెలవుల్లో పెట్టుకున్నాము.

డాక్టర్ గారు రాసినదంతా మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి పాపను పార్కుకు తీసుకెళ్ళేటప్పుడు టోపీ తానే పెడుతున్నారు. కాటుక గురించి అక్క రాసినది విన్నాక, రోజూ చెంపకు పెట్టే దిష్టిచుక్కను అరికాలికి మార్చారు.